తాండూరు బండ మీద నిమ్మరసం

వికారాబాద్‌లో మా ఇంటి స్టవ్ వెనక గోడ ఏ రంగు అని అడిగితే చెప్పడం కష్టం. 1998లో ఇల్లు కట్టినప్పుడు తెల్ల సున్నం వేశారట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మాత్రం కింద పసుపు, మధ్యలో గోధుమరంగు, పైన పొగచూరిన నలుపు. ఇరవై ఏడేళ్ల పోపులు, పులుసులు, సంక్రాంతి సకినాల నూనె అంతా ఆ గోడే తాగింది. ఇంటీరియర్ వీడియోల్లో ఆ చోటుని బ్యాక్‌స్ప్లాష్ అంటారు. మా అమ్మ భాషలో అది ‘పొయ్యెనక గోడ’.

నాన్న పోయి మూడేళ్లయింది. అక్క పెళ్లయి పుణెలో ఉంది. నేను లింగంపల్లి దగ్గర ఫ్లాట్‌లో ఉంటూ కోడ్ రాసుకుంటున్నా. నాన్న పోయినప్పటి నుంచి అమ్మని నా దగ్గరికి రమ్మని అడుగుతూనే ఉన్నా. ప్రతిసారీ ఒకటే జవాబు.

“నీ ఫ్లాట్ల నేనేం జెయ్యాల్రా? కిటికీ తీస్తే ఇంకొకళ్ల కిటికీ కనవడ్తది.”

మొన్న దసరాకి వెళ్లినప్పుడు మళ్లీ అడిగా. ఈసారి జవాబు మారింది. “నాకేమన్న చెయ్యాలనుంటే ఈ వంటిల్లు బాగుచేయించు. గంతే.”

అంటే రాదు అని అర్థం. చాలా మెల్లగా చెప్పింది. నాకు మాత్రం గట్టిగానే తగిలింది. సరేనన్నా. ఆఫీసులో మేనేజర్‌ని బతిమాలి నెల రోజులు ఇంటి నుంచి పని చేసేలా ఒప్పించుకుని, లాప్‌టాప్ పట్టుకుని వికారాబాద్ వచ్చేశా.

గోడ మీద లాగ్ ఫైల్

పని మొదలుపెట్టే ముందు పాత వంటింటి ఫొటోలు తీస్తున్నా. గట్టు కుడి చివర, కింద సిలిండర్ ఉండే చోటుకి పైన, గోడ మీద పెన్సిల్‌తో రాసిన తేదీల వరస కనిపించింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కానీ ఎప్పుడూ చదవలేదు. కొత్త సిలిండర్ పెట్టిన ప్రతిసారీ నాన్న తేదీ రాసేవాడు. గ్యాస్ ఎన్నాళ్లొచ్చిందో తెలియాలని.

మేం రోజూ ఆఫీసులో చూసే లాగ్ ఫైల్ ఇంతకంటే వేరేం కాదు. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, తేదీలన్నీ ఫోన్‌లోకి ఎక్కించి మధ్యలో రోజులు లెక్కేశా.

12-3-2011 తర్వాత 14-4-2011. 33 రోజులు. అప్పుడు మేం నలుగురం.

2-7-2019 తర్వాత 20-8-2019. 49 రోజులు. నేను హైదరాబాద్‌లో, అక్క అత్తగారింట్లో. ఇంట్లో ఇద్దరే.

ఆ తర్వాత కొంత దూరం వెళ్లాక చేతిరాత మారింది. అంకెలు పెద్దవయ్యాయి, కాస్త వంకర కూడా. నాన్న లేకపోయినా అమ్మ రాయడం ఆపలేదు. 22-4-2025 తర్వాత 10-8-2025. 110 రోజులు.

అదే సిలిండర్, అదే స్టవ్. 33 నుంచి 110కి వచ్చింది. మూడేళ్లుగా ఫోన్‌లో “తిన్నవా అమ్మా” అని అడిగితే “తిన్న” అని చెప్పే మనిషి ఎంత వండుకుంటోందో గోడ చెప్పింది. అమ్మకి ఈ లెక్క చెప్పలేదు. ఫొటో మాత్రం మూడు చోట్ల సేవ్ చేసుకున్నా.

పడమటికి రైలు

స్టవ్ వెనక ఏం వేయాలి? నా ఫోన్‌లో అప్పటికే బోలెడు ఫొటోలున్నాయి. మొరాకో డిజైన్లు, తేనెపట్టు ఆకారం టైల్స్, తెల్లటి చిన్న ఇటుకల్లా ఉండే సబ్‌వే టైల్స్. అమ్మ ఒక్కొక్కటి చూసి “మంచిగనే ఉన్నయ్” అంది. ఆ మాటకి మా ఇంట్లో అర్థం ‘వద్దు’ అని.

ఈలోగా వేరే పని పడింది. సింక్ కింద మూడు బండలు పగిలాయి. మా ఇల్లంతా తాండూరు బండలే. అడుగు పలకలు, పాలిష్ లేనివి. మా కాళ్లే వాటికి పాలిష్. వాటికి జోడు కావాలంటే తాండూరే వెళ్దామంది అమ్మ. నాకు వెంటనే వెలిగింది. నేల మీద ఉన్న బండే గోడకి కూడా వేస్తే? అదీ మన ఊరి పక్క రాయి, పాలిష్ చేసి, నీలంగా మెరుస్తూ! ఫొటో ఎంత బాగా వస్తుందో అప్పుడే ఊహించుకున్నా.

వికారాబాద్ నుంచి తాండూరు 40 కిలోమీటర్లు. రైల్లో గంట లోపే. వాడి వైపు వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే నేల రంగు మారడం తెలుస్తుంది. అనంతగిరి కొండల దగ్గర మట్టి ఎర్రగా, ఇటుక పొడిలా ఉంటుంది. పడమటికి పోయేకొద్దీ ఆ ఎరుపు తగ్గి నల్లరేగడి మొదలవుతుంది. అక్టోబర్ చివరి వారం కదా, కంది చేలు పూత మీదున్నాయి. నల్ల నేల మీద పసుపు చుక్కలు. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. అమ్మకి ఆ గుర్తింపుతో పనిలేదు. “తాండూర్ పప్పు తొందరగ ఉడుకుతది” అని ఎప్పటినుంచో తనే సర్టిఫికెట్ ఇచ్చేసింది.

స్టేషన్ దిగితే భాషలన్నీ కలిసి వినిపిస్తాయి. కర్ణాటక సరిహద్దు దగ్గరే. ఆటో అన్న నాతో తెలుగులో, ఫోన్‌లో ఉర్దూలో, పక్క ఆటో అతనితో కన్నడంలో మాట్లాడాడు. ఊరు దాటి గనుల వైపు వెళ్లే దారిలో రోడ్డుకి రెండు వైపులా రాతి ముక్కల గుట్టలు. మల్కాపూర్, ఓగిపూర్, కరన్‌కోట్ వైపు ఎటు చూసినా రాయే. చెట్ల ఆకుల మీద బూడిదరంగు దుమ్ము. పాలిష్ యూనిట్ల బయట తెల్ల బురద ఆరిపోయి, ఎండిన చెరువులా నెర్రెలిచ్చి ఉంది. మనిళ్లలో చల్లగా, నున్నగా ఉండే బండ వెనక ఇక్కడ ఇంత దుమ్ముందని ఎప్పుడూ ఆలోచించలేదు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామందికి అడ్డంగా ఒక తువ్వాలే.

దారిలో ఒక గని దగ్గర ఆటో ఆపించి చూశాం. నాకు గని అంటే పేలుళ్లు గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. చదునైన రాతి నేల మీద పట్టాలు పరిచి, వాటి మీద కోత మిషన్ నడుపుతారు. నిలువుగా, అడ్డంగా గీతలు కోస్తుంది. తర్వాత మనుషులు ఉలి, సుత్తి, గడ్డపారలతో అంచు దగ్గర పొర విడదీసి పైకి లేపుతారు. రాయి పుస్తకంలో పేజీలా లేస్తుంది. ఇది సున్నపురాయి. ఒకప్పుడు ఇక్కడున్న సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నది. వయసు యాభై కోట్ల ఏళ్లకి పైనే. ఈ చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నదీ ఈ సున్నపురాయి వల్లే. పక్కనే కర్ణాటకలో షాబాద్ ఉంది కాబట్టి మన దగ్గర చాలామంది దీన్ని షాబాద్ బండ అనే అంటారు.

డబ్బా మూతలో నిమ్మకాయ

బండల డిపోలో పెద్దాయన ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నీలం, పసుపు, రెండు రంగులూ చూపించాడు. గరుకుగా ఉండేవి, సాదా పాలిష్‌వి, అద్దంలా మెరిసేవి. నేను అద్దంలా మెరిసే నీలం పలక దగ్గర ఆగిపోయా.

“ఇది గోడకి కాకా. స్టవ్ వెనక.”

ఆయన నన్ను కాకుండా అమ్మని చూశాడు. “అక్కా, ఇంట్ల చింతపులుసు జేస్తరా?”

అమ్మ నవ్వింది. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు పులుసే.

“మరి ఈ పోరడికి ఎవలూ చెప్పలేదా?” అంటూ ఏదన్నా పుల్లటిది ఉందా అని అడిగాడు. అమ్మ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. పులిహోర. మూతలో పక్కన పెట్టిన నిమ్మకాయ బద్ద. ఆయన మెరిసే పలక మూల మీద నాలుగు చుక్కలు పిండాడు. సన్నగా నురగ వచ్చింది. చాయ్ తాగేదాకా ఆగి గుడ్డతో తుడిచాడు. చుక్కలు పడ్డ చోట మెరుపు పోయింది. చేతితో తడిమితే అక్కడ గరుకు. నీళ్లతో కడిగినా పోలేదు.

కారణం తొమ్మిదో తరగతి కెమిస్ట్రీనే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. నిమ్మకాయలో సిట్రిక్ యాసిడ్, చింతపండులో టార్టారిక్ యాసిడ్. రెండూ కలిస్తే రాయి పైపొర కరిగి కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. అది మరక కాదు, గాయం. మరకైతే తుడుస్తాం. గాయం పోవాలంటే మళ్లీ పాలిష్ పట్టాల్సిందే.

“సీలర్ కొడితే?” అని అడిగా. వీడియోల్లో చూశాలే.

“సీలర్ గొడితే నూనె లోపలికి పోదు తమ్మీ. పులుపుని ఆపదు” అన్నాడు. తర్వాత నేను చదివి చూస్తే ఆయన చెప్పిందే నిజం. రాయి రంధ్రాల్లోకి దిగే సీలర్ నూనె, పసుపు మరకల్ని బాగా తగ్గిస్తుంది. యాసిడ్ మాత్రం పైపొరనే తింటుంది కాబట్టి దానికి అడ్డం పడదు.

నాకు ఆశ్చర్యమేసింది ఇంకో విషయంలో. అమ్మగలాయన బేరం పోగొట్టుకుంటున్నాడు కదా! ఆ మాటే అడిగితే, “నేల మీదికి మా రాయి లెక్క చల్లగుండేది ఇంకోటి లేదు. పొయ్యి కాడికి మాత్రం టైల్ ఏసుకోండ్రి. రేపు గోడ కరాబైతే తాండూర్ బండ మంచిది గాదంటరు” అన్నాడు.

మూడు అడుగు పలకలు పాలిష్ లేనివి తీసుకున్నాం. “నాలుగు తీస్కో, ఒకటి పగిల్తే?” అంది అమ్మ. ముప్పావు అంగుళం మందం ఉన్న చదరపు అడుగు బండ దాదాపు అయిదు కిలోలు. నాలుగు కలిపి ఇరవై. గోనెసంచిలో కట్టించుకుని ప్లాట్‌ఫాం మీద మోస్తుంటే జిమ్‌కి కట్టిన డబ్బులన్నీ గుర్తొచ్చాయి. పులిహోర రైల్లో తిన్నాం. నిమ్మకాయ మాత్రం తాండూరులోనే అయిపోయింది.

135 అడుగులా, 34 అడుగులా?

మర్నాడు వికారాబాద్‌లోనే టైల్స్ షాపుకి వెళ్లాం. రాయి పోయింది కాబట్టి మళ్లీ నా సబ్‌వే టైల్స్ దగ్గరికొచ్చా. తెల్లవి, 3 అంగుళాలు ఎత్తు, 6 అంగుళాలు పొడవు. అమ్మ ఒక బోర్డు మీద అతికించిన సాంపిల్‌ని వేలితో రాసి చూసింది. టైల్ మీద కాదు, టైల్స్ మధ్య గీత మీద.

“ఈ గీతలన్నీ ఎవలు తోమాలె?”

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ పొయ్యెనక గోడని నేను ఒక్కసారి కూడా తుడవలేదు. రోజూ తుడిచేది ఆమె, డిజైన్ ఎంచుకునేది నేను. యూజర్‌ని అడక్కుండా యాప్ కట్టేవాళ్లని ఆఫీసులో తిడుతుంటాం. ఇంటికొచ్చి నేను చేసిందీ అదే.

అక్కడే నిలబడి లెక్కేశా. మా గోడ 9 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు. 22.5 చదరపు అడుగులు. 3 బై 6 టైల్స్ అయితే 180 కావాలి. వాటి మధ్య గీతల పొడవు మొత్తం కలిపితే సుమారు 135 అడుగులు. అదే అడుగు బై రెండడుగుల టైల్స్ అయితే పన్నెండు లోపే. గీతలు సుమారు 34 అడుగులు. నాలుగో వంతు! పసుపు, నూనె పట్టి నల్లబడేది ఎక్కువగా ఆ గీతలే. ఫొటోలో అందంగా కనిపించేవీ అవే.

అమ్మ లేత మీగడ రంగు, నిగనిగలాడే సాదా టైల్ ఎంచుకుంది. డిజైన్ లేదు, గీతల్లేవు, గరుకు లేదు. మ్యాట్ ఫినిష్ ఇప్పుడు ట్రెండ్ అని నేను నోరు తెరిచేలోపే షాపతను, “వంటింటికి గ్లాసీనే తుడవడానికి ఈజీ” అన్నాడు. నోరు మూసుకున్నా.

సుత్తి దెబ్బలు

మా మేస్త్రీ గోడని గోరుతో గీకి చూశాడు. వేలికి జిడ్డు అంటింది. “దీని మీదనే వేస్తే ఇయ్యాల అతుకుతది, ఏడాదికి టక్కున ఊడుతది. చెక్కాల్సిందే.” నూనె తాగిన ప్లాస్టర్‌ని గమ్ పట్టుకోదు. మొత్తం ఇటుక దాకా చెక్కి, కొత్త ప్లాస్టర్ చేసి, వారం పాటు నీళ్లు కొట్టాలి.

మొదట సుత్తి పడింది కుడి చివర, తేదీల మీదే. నేను అమ్మ వైపు చూశా. ఆమె వసారాలోకి మార్చిన స్టవ్ మీద మేస్త్రీకి చాయ్ పెడుతోంది. తలెత్తలేదు. 2011 పోయింది, 2019 పోయింది. తట్టలోకి ఎత్తి బయట పోశారు.

ఆ వారం రోజులూ ప్లాస్టర్‌కి నీళ్లు కొట్టే డ్యూటీ నాది. పొద్దున స్టాండప్ కాల్‌కి ముందోసారి, మధ్యాహ్నం, సాయంత్రం. తర్వాత టైల్స్ పని ఒక్క రోజే. మీ ఇంట్లో ఈ పని పెట్టుకుంటే గుర్తుంచుకోవాల్సినవి నాలుగు చెప్తా.

ఒకటి, మేస్త్రీ గోడ మూల నుంచి మొదలుపెడతానంటే ఆపండి. స్టవ్ మధ్యకి గుర్తు పెట్టి, అక్కడి నుంచి రెండు వైపులా సమానంగా వెళ్లమనండి. కోసిన ముక్కలు చివర్లకి పోతాయి, కంటికి ఆనవు. రెండు, స్విచ్ బోర్డులు, చిమ్నీ పాయింట్ ప్లాస్టర్ అప్పుడే తేల్చుకోండి. టైల్ అతికాక కన్నం పెట్టడం అంటే టైల్‌తో జూదం. మూడు, గీతల్లో మామూలు సిమెంట్ గ్రౌట్ కాకుండా ఎపాక్సీ గ్రౌట్ వాడండి. ఖరీదెక్కువే కానీ పసుపుని అంతగా తాగదు. కొద్దికొద్దిగా కలపాలి, టైల్ మీద పడింది వెంటనే తుడవాలి. గట్టిపడితే మీతో పాటే ఉండిపోతుంది. నాలుగు, గట్టు, గోడ కలిసే మూలలో గ్రౌట్ వద్దు, సిలికాన్ పెట్టండి. గట్టు, గోడ ఒకేలా కదలవు. ఆ మూలలో గ్రౌట్ పగిలిందంటే నీళ్లు లోపలికి దిగుతాయి.

నాలుగో బండ

సింక్ కింద మూడు బండలు చక్కగా కూర్చున్నాయి. ఏదీ పగల్లేదు. నాలుగోది మిగిలింది. దాన్ని గోడకి ఆనించి పెట్టి మేస్త్రీ అడుగులు రాసుకోవడానికి సుద్దముక్కతో ఏదో గీశాడు. నీలం-బూడిద రంగు మీద తెల్లగా, ఒకటో తరగతి పలకలా కనిపించింది.

“అన్నా, ఈ బండని కుడి చివర పెట్టొచ్చా? సిలిండర్ పైన?”

స్టవ్‌కి నాలుగడుగుల దూరం. పులుసు అక్కడిదాకా ఎగరదు. టైల్ కంటే బండ మందం ఎక్కువ కాబట్టి ఆ అడుగు మేర ప్లాస్టర్ ఇంకాస్త లోతుగా చెక్కి, రెండూ ఒక మట్టానికి తెచ్చాడు. మీగడ రంగు గోడ చివర ఒక్క తాండూరు బండ. మెరవదు. ఫొటోలో ఏదో తప్పు పడ్డట్టు ఉంటుంది.

నవంబర్ 16న గ్యాస్ అయిపోయింది. కొత్త సిలిండర్ నేనే పెట్టి, అమ్మకి సుద్దముక్క ఇచ్చా. 16-11-2025 అని రాసింది.

“పాత తేదీలు నా ఫోన్‌ల ఉన్నయ్ అమ్మా. అవి కూడా పైన రాయాల్నా?”

“అవన్ని ఎందుకురా? ఈ సిలిండర్ ఎప్పుడు వెట్టిన్నో ఎర్కుంటే సాలు. అయిపోయినంక తుడిచి మళ్ల రాస్త.” ఆగి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. “ఈసారి జల్ది అయిపోయింది.”

ఆగస్టు 10 నుంచి నవంబర్ 16. 98 రోజులు.

“నువ్వు ఉంటివి గదా” అంది, గోడ మీద పడ్డ పోపు చుక్కల్ని గుడ్డతో తుడుస్తూ. ఒక్క తుడుపుకే పోయాయి. గుడ్డ ఆమె చేతిలోంచి తీసుకుని మిగతా గోడ నేను తుడిచా.

మర్నాడు పొద్దున రైలుకి లింగంపల్లి వచ్చేశా. నా ఫ్లాట్‌లో ఇండక్షన్ స్టవ్ వెనక బిల్డర్ వేసిన తెల్ల టైల్స్ ఉన్నాయి. రెండేళ్లయినా కొత్తగానే ఉన్నాయి. వాటి మీద ఒక్క మరక కూడా లేదు. ఇప్పుడు ప్రతి శుక్రవారం సాయంత్రం వికారాబాద్ రైలెక్కుతున్నా. బండ మీద తర్వాతి తేదీ 110 రోజుల దాకా పోకూడదని నా లెక్క.